పునరుత్పత్తి ఆరోగ్య సంస్థలు: సొంత ఆదాయ మార్గాలు

సోషల్ మార్కెటింగ్: గర్భనిరోధకాలను బ్రాండ్ పేరుతో, రాయితీ ధరకు మామూలు దుకాణాల్లో అమ్మడం. భారత్‌లో ఆద్యం నిరోధ్ కండోమ్, 1968.

తప్పక చదవాల్సింది బంగ్లాదేశ్ సోషల్ మార్కెటింగ్ కంపెనీ (ఎస్‌ఎంసీ). 1974లో ప్రాజెక్టుగా ఆరంభం. తొలి బ్రాండ్లు: రాజా కండోమ్, మాయా మాత్రలు. 1990లో లాభాపేక్ష లేని కంపెనీ. 2014లో వ్యాపారం కోసం అనుబంధ సంస్థ ఎస్‌ఎంసీ ఎంటర్‌ప్రైజ్. ఓఆర్‌ఎస్ (నోటి ద్వారా ఇచ్చే రీహైడ్రేషన్ లవణాలు) లాంటి సరుకుల మీద వచ్చే మిగులు సేవలకు ఆసరా; ఇదే క్రాస్ సబ్సిడీ. పరీక్షలో నిర్వచనం అడగొచ్చు.

భారత్‌లో విదేశీ నిధులపై ఆంక్షలు: విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010. 2020 సవరణతో పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. ఆ నిధులను మరో సంస్థకు బదిలీ చేయడం నిషేధం (సెక్షన్ 7).

కంపెనీల చట్టం, 2013: సెక్షన్ 8 లాభాపేక్ష లేని కంపెనీ, సెక్షన్ 135 కార్పొరేట్ సామాజిక బాధ్యత, అంటే సీఎస్‌ఆర్ (లాభంలో 2 శాతం). జతపరిచే ప్రశ్నల్లో ఈ రెండు సెక్షన్లనూ తారుమారు చేస్తారు, జాగ్రత్త.