ఉన్నదున్నట్టు చెప్పిన స్త్రీ

పఠన భాగము: మార్కు 5:21–43; లూకా 8:43–48



పండ్రెండు సంవత్సరములు రక్తస్రావముతో బాధపడిన స్త్రీనిగూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. ఆమె విశ్వాసమునుగూర్చియు, ప్రభువు వస్త్రపు చెంగును ముట్టుటనుగూర్చియు చెప్పుకొందుము గాని, అంతకుముందు వైద్యులయొద్ద ఆమె పడిన పాట్లను త్వరగా దాటిపోవుదుము. మార్కు దాటిపోలేదు. ఆమె అనేకమంది వైద్యులయొద్దకు తిరిగెననియు, ఉన్నదంతయు ఖర్చుపెట్టెననియు, జబ్బు తగ్గకపోగా ముదిరెననియు దాచక తెలియజేసెను. లూకా అదే సంగతి వ్రాయుచు, జబ్బు ముదిరెనను మాట మాత్రము విడిచిపెట్టెను. లూకా వైద్యుడని కొలొస్సయుల పత్రిక 4:14 వలన మనకు తెలియుచున్నది. తన వృత్తివారియెడల కొంచెము దయ చూపెనేమో!

ఈ మాసము ఆ స్త్రీని తలంచుకొనుటకు ఒక కారణమున్నది. మన సంఘములలో అనేకమంది స్త్రీలు అట్టి పాట్లే పడుచున్నారు. కార్వేటినగరములో మే నెల ఎండకు అందరును వేపచెట్టు నీడ వెదకుచుండగా ఒకామె దుప్పటి కప్పుకొని కూర్చుండును. తిండి పెరుగలేదు గాని ఒళ్ళు పెరిగినది. ముఖము ఉబ్బినది, జుట్టు రాలుచున్నది, చర్మము ఎండినది, గొంతు బొంగురుపోయినది. మలబద్ధకము, మతిమరుపు, నెల నెలా అధిక రక్తస్రావము, కారణము తెలియని దిగులు. ఇంట్లో అత్త సోమరిపోతు అనును. ఆసుపత్రిలో బలమునకు మాత్రలిచ్చి పంపుదురు. కొన్నాళ్ళకు, తాను నిజముగా సోమరినేమో అని ఆమెయే అనుకొనును. ఈ తుది సంగతియే అన్నిటికంటె కష్టమైనది.

ఇట్టివారిలో కొందరికి ఉన్నది థైరాయిడ్ మందగించిన జబ్బు. థైరాయిడ్ అనునది గొంతు ముందర సీతాకోకచిలుక ఆకారములోనున్న చిన్న గ్రంథి. దేహమంతటి పని ఎంత వేగముగా జరుగవలెనో అది తన రసముచేత నడుపును. ఆ రసము తగ్గినయెడల గుండె మొదలు ప్రేగులవరకు అన్నియు నెమ్మదించును. హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు మొదలగు 8 నగరములలో 5,000 మందికి పైగా పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రకటించిన లెక్కనుబట్టి, ప్రతి 100 మందిలో దాదాపు 11 మందికి ఈ జబ్బున్నది. వారిలో ఇంచుమించు మూడవవంతు మందికి ఆ పరీక్షవరకు ఆ సంగతి తెలియనే తెలియదు. ఇది పట్టణముల లెక్క. పల్లెలలో పరీక్షకు పోవువారే తక్కువ గనుక, మనలో తెలియనివారు కొద్దిమందే యుందురని అనుకొనుటకు వీలులేదు.

జబ్బు తెలిసినయెడల మందు కష్టమైనది కాదు. ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణమందు 1891లో జార్జి ముర్రే అను యౌవనుడైన వైద్యుడు, ఈ జబ్బుతో క్షీణించుచున్న 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱె థైరాయిడ్ రసమును సూదిద్వారా ఎక్కించెను. ఆమె కోలుకొని 1919వరకు బ్రదికెను. నేడు అదే పని చేయు లెవోథైరాక్సిన్ అను చిన్న మాత్ర ప్రతి పట్టణములోను దొరకును. కాబట్టి మన కష్టము మందులో లేదు. వైద్యునికి సంగతి తెలియుటలోనే యున్నది.

మరల వాక్యములోనికి పోవుదము. యాయీరు కుమార్తె చావుబ్రదుకులలో నున్నది. త్వరగా పోవలసిన ఆ దారిలో ప్రభువు నిలిచిపోయి, తన్ను ముట్టినది ఎవరని అడిగెను. శిష్యులకు అది వింతగా తోచెను. ఆ స్త్రీ అప్పటికే స్వస్థపడియున్నది గదా, ఇక అడుగనేల? ఆమె వణకుచు వచ్చి ఉన్నదున్నట్టు సమస్తము చెప్పువరకు ఆయన కదలలేదు. లేవీయకాండము 15వ అధ్యాయము ప్రకారము ఆమె అపవిత్రురాలు. అట్టి సంగతి జనసమూహము నెదుట చెప్పుట ఎంత కష్టమో స్త్రీలకే తెలియును. ఆయన విని ఆమెను కుమార్తె అని పిలిచెను. వినుటయు స్వస్థతలో భాగమేనని నేను తలంచుచున్నాను.

మన ఆసుపత్రులలో వైద్యునికి అంత తీరిక లేదు. ఉదయము చీటీల వరుస వీధివరకు వచ్చును. ఒక్కొక్కరికి రెండు నిమిషములు దొరికిన గొప్ప. అతనిని నిందించుట సులభము. అయితే ఆ రెండు నిమిషములలో మనము చెప్పునదేమి? “ఏం లేదు సార్, ఊరికే నీరసంగా ఉండాది.” ఈ మాట విని ఏ వైద్యుడు ఏమి కనుగొనగలడు? నీరసము నూరు జబ్బులకు ఉండును. అందుకు బదులు ఇట్లు చెప్పి చూడుడు: “నిరుడు రెండు బిందెలు మోస్తా వుంటిని సార్, ఇప్పుడు ఒక బిందెకే కూర్చుండాల్సి వస్తాది. ఆరు నెలలుగా ఎండలో కూడా చలేస్తా ఉండాది. ముట్టు ఎనిమిది దినాలైనా నిలవడం లేదు.” ఎప్పుడు మొదలైనది, అంతకుముందు ఏమి చేయగలిగితిని, ఇప్పుడేమి చేయలేకున్నాను. ఈ మూడును ముందురాత్రే కాగితముపై వ్రాసికొనుట మంచిది. తల్లికి గాని అక్కచెల్లెండ్రకు గాని థైరాయిడ్ ఉన్నయెడల అదియు వ్రాయవలెను. చివరకు మర్యాదగా, “థైరాయిడ్ పరీక్ష చేయించితే బాగుంటాదా సార్?” అని అడుగవచ్చును. అడుగుట అమర్యాద కాదు.

ముట్టు సంగతి పురుష వైద్యునితో చెప్పుటకు సిగ్గుపడువారు నర్సమ్మతోనైనను చెప్పవలెను. ఈ సిగ్గు ఎంత ప్రాణహాని చేసెనో మన పొరుగున వేలూరు ఆసుపత్రి చరిత్రయే చెప్పుచున్నది. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు, ప్రసవవేదనలోనున్న తమ భార్యలకొరకు ఐడా స్కడర్ అను యువతియొద్దకు వచ్చిరి. ఆమె వైద్యురాలు కాదు. ఆమె తండ్రి వైద్యుడు గాని పురుషుడు గనుక వారు ఒప్పుకొనలేదు. ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆమె అమెరికాకు పోయి వైద్యము చదివి వచ్చి, 1900లో వేలూరులో పని ప్రారంభించెను.

పరీక్ష ఫలితము వచ్చినప్పుడు మనవారు ఒకచోట తికమకపడుదురు. టి.ఎస్.హెచ్. అను అంకె ఎక్కువగా నున్నయెడల థైరాయిడ్ సాధారణముగా తక్కువగా పనిచేయుచున్నదని అర్థము. మెదడు క్రిందనున్న గ్రంథి మేస్త్రీవంటిది. కూలివాడు మందగించినకొలది మేస్త్రీ గట్టిగా కేకవేయును, టి.ఎస్.హెచ్. ఆ కేక. మాత్రను ఉదయము పరగడుపున నీళ్ళతో మ్రింగి, అరగంట మొదలు గంటవరకు కాఫీయైనను త్రాగకూడదు. ఇనుము మాత్రలకును, కాల్షియం మాత్రలకును దీనికిని నాలుగు గంటల ఎడముండవలెను; మన స్త్రీలు అనేకులు అన్నిటిని కలిపి మ్రింగుదురు, మందు పనిచేయలేదని విడిచిపెట్టుదురు. ఆరు మొదలు ఎనిమిది వారములకు మరల పరీక్ష చేయించవలెను. బాగున్నదని మానకూడదు, బాగులేదని తామే హెచ్చించుకొనకూడదు. ఎక్కువైన గుండె దడయు ఎముకల బలహీనతయు కలుగును. గర్భవతియైన వెంటనే వైద్యునికి తెలుపవలెను, ఏలయనగా మొదటి నెలలలో శిశువు తల్లి థైరాయిడ్ మీదనే ఆధారపడును.

కొందరు సాక్ష్యము చెప్పుటకై మాత్రలు మానుచున్నారని వినుట నాకు దుఃఖకరము. యాయీరు కుమార్తెను మరణమునుండి లేపిన ప్రభువే, వెంటనే ఆమెకు అన్నము పెట్టించెను. లేపగలిగిన వానికి ఆకలి తీర్చుట అసాధ్యమా? అయినను ఆ పనిని మనుష్యుల చేతికే అప్పగించెను.

పరీక్షలో ఏమియు లేదని వచ్చినయెడల కోపపడవద్దు. నీరసమంతయు థైరాయిడ్ కాదు. రక్తహీనత కావచ్చును, చక్కెరజబ్బు కావచ్చును, మనోవేదన కావచ్చును. “ఇది కాకపోతే ఇంకేమై ఉంటాది సార్?” అని అడిగి, జవాబు విని, చీటీలన్నియు ఒక సంచిలో భద్రపరచి మరల పోవలెను. వేరొక వైద్యునియొద్దకు పోయినను ఆ సంచి తీసికొనిపోవలెను.

స్త్రీల కూటములో ఈ పాఠము చదువునప్పుడు పై వేదభాగమును ఒకరు బిగ్గరగా చదువవలెను. తరువాత మాట్లాడుకొనుడి: మన సంఘములో పుత్తూరుకో తిరుపతికో ఒంటరిగా ఆసుపత్రికి పోవుచున్నవారు ఎవరు? వారితో బస్సెక్కుటకు ఎవరికి వీలున్నది? చదువురానివారికి ఆ కాగితము వ్రాసియిచ్చువారు ఎవరు?