ఆరు నెలల గడువు తప్పనిసరా?

పరీక్షలో పరస్పర అంగీకార విడాకులపై ప్రశ్న వస్తే చాలామంది అభ్యర్థులు ‘ఆరు నెలలు ఆగాల్సిందే’ అని గుర్తిస్తారు. హిందూ వివాహ చట్టం, 1955లో 13బి సెక్షన్‌ను 1976లో చేర్చారు. ఏడాదిగా విడిగా ఉంటున్న దంపతులు కలిసి పిటిషన్ వేయాలి. ఆరు నెలల తర్వాత, 18 నెలల లోపు రెండోసారి కోరాలి. అయితే ఈ ఆరు నెలల నిరీక్షణ తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని అమర్‌దీప్ సింగ్ కేసులో (2017) సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టంలో స్పష్టంగా రాసినదాన్ని కోర్టు సడలించడమేమిటన్న అభ్యంతరం సహజమే. కానీ గడువు ఉద్దేశం తొందరపాటును ఆపి, రాజీకి వీలివ్వడం. మధ్యవర్తిత్వం విఫలమై, భరణం, పిల్లల సంరక్షణ తేలిపోయాక ఆ ఉద్దేశానికి పనేముంది? పైగా సడలింపు బలహీనుల మెడపై కత్తి కాదు: డిక్రీ వెలువడేవరకు ఇద్దరి సమ్మతీ నిలవాలని సురేష్ఠా దేవి కేసు (1991) చెబుతోంది.

అసలు తికమక మరోచోట ఉంది. ‘కోలుకోలేనంతగా చెడిన బంధం’ ఈ చట్టంలో విడాకుల కారణం కాదు. ఆ ప్రాతిపదికన, ఒకరు ఒప్పుకోకున్నా, రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద విడాకులివ్వగలది సుప్రీంకోర్టేనని శిల్పా శైలేష్ కేసులో (2023) ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఫ్యామిలీ కోర్టుకు ఆ అధికారం లేదు.