సంచార గృహానికి శీతలయంత్రం : ఏది తగినది?

'కార్వాన్' అనే పారసీక పదానికి యాత్రికుల సమూహమని అర్థం. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఇది కొత్త మాట కాదు. హైదరాబాదులో గోలకొండ దారిన కార్వాన్ అనే పేట నేటికీ ఉన్నది. వర్తకుల బిడారులు విడిసిన తావు కావున దానికా పేరు వచ్చింది. కాలక్రమాన ఆ మాటే ఇంటి వసతులు గల మోటారు వాహనానికి పేరయింది. అట్టి వాహనంలో పడక, పొయ్యి, నీటితొట్టి అమర్చుట కష్టం కాదు. చిక్కు అంతా ఫ్రిజ్ దగ్గరనే.

మా పరిచితులొకరు గత వేసవిలో ఒక పాత వ్యానును ఈ విధంగా మార్చుకొని, వృద్ధురాలైన తల్లితో భైంసా నుండి బంధువుల ఊళ్లకు బయలుదేరారు. ఆమెకు మధుమేహం, ఇన్సులిన్ లేనిదే దినం గడవదు. మూత తీయని ఇన్సులిన్ సీసాలను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచవలెను. అందుకని ఇంటి ఫ్రిజ్‌నే వ్యానులో పెట్టి, ఇన్వర్టరు ద్వారా బ్యాటరీకి కలిపారు. మధ్యాహ్నం ఒక ఊరిలో వాహనం నిలిపారు. మరునాడు తెల్లవారి చూచేసరికి ఫ్రిజ్ ఆగి, లోపలి మందు వెచ్చబడి ఉన్నది. తిరిగి వచ్చి ఆయన మమ్మల్ని అడిగారు: "గ్యాసుతో నడిచే ఫ్రిజ్ కూడా ఉన్నదట కదా సార్! అది కొంటే ఈ బాధ తప్పేదా?" మేము వెంటనే అవునని గాని, కాదని గాని అనలేకపోయాము. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం.

ముందుగా మూలసూత్రాన్ని గ్రహించాలి. మన ఇళ్లలో రంజన్‌లోని నీరు వేసవిలో ఎందుకు చల్లబడుతుంది? మట్టి రంధ్రాల ద్వారా పైకి ఊరిన నీరు ఆవిరి అవుతూ, అందుకు కావలసిన గుప్తోష్ణాన్ని లోపలి నీటి నుండే తీసుకొంటుంది. ఫ్రిజ్ కూడా ఈ సూత్రం మీదనే పని చేస్తుంది. అయితే రంజన్ నుండి పోయిన ఆవిరి తిరిగి రాదు. ఫ్రిజ్‌లో ఆ ఆవిరిని మరల ద్రవంగా మార్చి పదే పదే వాడుకొంటాము. మార్చే పద్ధతిలోనే రెండు రకాల యంత్రాలకు భేదం ఉన్నది.

ఇంటి ఫ్రిజ్‌లో విద్యుత్తుతో నడిచే కంప్రెసర్ ఆవిరిని నొక్కి, దాని పీడనాన్ని పెంచుతుంది. వెనుక గొట్టాలలో అది వేడిని వదలి ద్రవమవుతుంది. రెండవది శోషణ యంత్రం. 1859లో ఫ్రాన్సు దేశీయుడు ఫెర్డినాండ్ కారే అమ్మోనియా, నీరు ఉపయోగించి ఇట్టి యంత్రాన్ని రూపొందించాడు. 1922లో స్టాక్‌హోంలో ప్లాటెన్, ముంటెర్స్ అనే ఇద్దరు యువకులు హైడ్రోజన్‌ను కూడా చేర్చి, కదిలే భాగమన్నదే లేని ఫ్రిజ్‌ను నిర్మించారు. ఇందులో చిన్న మంట అమ్మోనియాను నీటి నుండి విడదీస్తుంది. అది చల్లబడి ద్రవమై, హైడ్రోజన్ నడుమ తిరిగి ఆవిరి అవుతూ చల్లదనం కలిగిస్తుంది. పిమ్మట నీరు దానిని మరల పీల్చుకొంటుంది. చప్పుడు లేదు, విద్యుత్తు అక్కర లేదు. మంటతో చలువ పుట్టించడం వినుటకు వింతయే గాని, శాస్త్రసమ్మతం.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇంటి ఫ్రిజ్ వేసవిలో రోజుకు సుమారు ఒక యూనిట్ విద్యుత్తు వాడుతుందనుకొందాం. 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,800 వాట్-గంటల శక్తి ఉంటుంది. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయరాదు; మిగిలినది 900. ఇన్వర్టరులో పోయే నష్టం తీసివేస్తే సుమారు 750. అనగా పద్దెనిమిది గంటలు. మా పరిచితుని ఫ్రిజ్ మధ్యాహ్నం నుండి ఉదయం వరకు నడిచి ఆగిందంటే అది యంత్రదోషం కాదు, ముందుగా లెక్క వేయని దోషం.

శోషణ ఫ్రిజ్ రోజుకు దాదాపు 300 నుండి 400 గ్రాముల గ్యాసు వాడుతుంది. 5 కిలోల సిలిండరుతో ఇంచుమించు రెండు వారాలు గడుస్తుంది. అయితే దీనికీ లోపాలున్నవి. లోపలి ద్రవాలు తమ బరువుతోనే కిందికి పారాలి గనుక, నిలిపిన వాహనం రెండు మూడు డిగ్రీలకు మించి ఒరిగి ఉండరాదు. మహబూబ్ ఘాట్ మలుపులలో ఊగుతూ పోయినా ప్రమాదం లేదు; ఒరిగిన నేల మీద గంటల తరబడి నిలిపితే గొట్టాలు అతిగా కాగి, యంత్రం శాశ్వతంగా చెడవచ్చు. మన ప్రాంతంలో వేసవి వేడి 45 డిగ్రీలకు చేరినపుడు దీని చలువ తగ్గుతుంది. ఇన్సులిన్‌కు కావలసిన హద్దులలో నిలుస్తుందన్న భరోసా ఉండదు. పెట్రోలు బంకులో మంట ఆర్పి తీరాలి. పొగ వెలుపలికి పోయే మార్గం తప్పక ఉండాలి. ఇదే ఫ్రిజ్‌ను బ్యాటరీతో వేడి చేయబోతే ఆ బ్యాటరీ ఏడెనిమిది గంటలైనా నిలవదు.

ఇంకొక విషయం. విద్యుత్తుతో నడిచే ఫ్రిజ్‌కు మంట లేదనుకొనుట పొరపాటు. దాని మంట రామగుండం వంటి చోట బొగ్గులో ఉన్నది. ఆ వేడిలో సుమారు మూడవ వంతే విద్యుత్తుగా మారుతుంది. అయినను కంప్రెసర్ పొదుపరి కావున మొత్తం మీద దానిదే పైచేయి. శోషణ యంత్రం గొప్పతనం పొదుపులో లేదు, తీగ లేని చోట పని చేయడంలో ఉన్నది.

ఆరోగ్య కేంద్రాలలోని టీకాల ఫ్రిజ్ ఈ విషయంలో మనకు మంచి పాఠం. 1985లో మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం ప్రారంభమయింది. అందుకు వాడే ప్రత్యేక ఫ్రిజ్ గోడలలో మంచు అమరి ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటలు కరెంటు ఉన్నా మిగతా పదహారు గంటలు ఆ మంచే టీకాలను కాపాడుతుంది. కరెంటు ఎప్పుడూ ఉంటుందని నమ్మక, లేని గంటలను ముందే లెక్కించి చేసిన యంత్రమది.

కావున కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎన్ని గంటలు కరెంటు లేకుండా ఉండాలి? వాహనాన్ని ఎట్టి నేల మీద నిలుపుతాము? లోపల పెట్టే వస్తువు ఎంత వేడికి ఓర్చుతుంది? కరెంటు లేని చోట రోజుల తరబడి చదునైన నేల మీద విడిది చేసేవారికి గ్యాసు ఫ్రిజ్ మేలు. ఊరి నుండి ఊరికి పోతూ ఇన్సులిన్ వంటి మందు వెంట ఉన్నవారికి 12 వోల్టులతో నేరుగా నడిచే చిన్న కంప్రెసర్ ఫ్రిజ్, తగినంత బ్యాటరీ, పైకప్పు మీద సౌరఫలకం ఉత్తమం. దానికి తోడు మంచుగడ్డల పెట్టె ఒకటి ఉండాలి. అందులో మందు మంచుకు తగలరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కూడా పనికిరాదు.

మా పరిచితులు ఈ సలహానే పాటించారు. మొన్నటి ప్రయాణంలో వారి తల్లి మందు చెడలేదు. విద్యార్థులు తరగతిలో వాట్లు, ఆంపియర్లు లెక్కించునపుడు ఒక్క మాట జ్ఞాపకముంచుకోవాలి. ఆ లెక్క పరీక్ష మార్కుల కొరకే కాదు. ఒక్కొక్కసారి ఇంట్లో ఒకరి ప్రాణం దానిమీద ఆధారపడి ఉంటుంది.