ఆ పొలంలో ఇల్లు కట్టాలంటే

బుజ్జీ,

హెరిఫర్డ్‌షైర్‌లో నువ్వూ అల్లుడూ చూసొచ్చిన పొలం ఫోటోలు అందాయి. ఎర్రమట్టి, మూలన కుంట, గట్టు పొడుగునా ముసలి పియర్ చెట్లు. మనసు పడే చోటే. అందుకే మీరు అడ్వాన్సు ఇచ్చేలోపు ఈ ఉత్తరం చేరాలని తొందరగా రాస్తున్నాను.

మీ నాన్న మొన్న ఫోన్‌లో "ఫీజు కడితే కన్వర్షన్ అయిపోదా అన్నయ్యా?" అన్నాడు. మన దగ్గర వ్యవసాయ భూమిని మార్పించడానికి నాలా ఫీజు కట్టిన అలవాటు మరి. ఇంగ్లండ్‌లో 1947 చట్టం నాటి నుంచి భూమి మీద హక్కు వేరు, అందులో ఇల్లు కట్టే హక్కు వేరు. రెండోది కౌన్సిల్ ఇస్తేనే వస్తుంది. ఊరికి దూరంగా విడిగా ఉన్న పొలంలో కొత్త ఇంటికి మామూలుగా ఇవ్వరు. రైతు అక్కడే ఉండక తప్పనప్పుడో, పాడుబడ్డ పాత కట్టడాన్ని బాగుచేసేటప్పుడో ఇస్తారు. ఇద్దరూ డాక్టర్లు, మీకు అవేవీ వర్తించవు.

మిగిలింది ఒక్క దారి. 1997లో జాన్ గమ్మర్ మంత్రిగా ఉండగా తెచ్చిన మినహాయింపు అది. జాతీయ ప్లానింగ్ విధాన పత్రంలో 2012లో 55వ పేరా, 2018లో 79, 2021లో 80, 2024 డిసెంబరు ప్రతిలో 84. నంబరు మారినా సారం పెద్దగా మారలేదు. ఇంటి డిజైన్ నిజంగా అసాధారణంగా ఉండాలి, ఆర్కిటెక్చర్‌లో అత్యున్నత ప్రమాణాలు అందులో కనబడాలి, పల్లెల్లో కట్టడాల స్థాయి పెరగడానికి అది తోడ్పడాలి. అంతటితో సరిపోదు. తన చుట్టూ ఉన్న నేలను ఆ ఇల్లు చెప్పుకోదగ్గంతగా మెరుగుపరచాలి, ఆ ప్రాంతపు స్వభావాన్ని మన్నించాలి.

రిటైరయ్యేదాకా కౌన్సిల్ ప్లానింగ్ విభాగంలో ఇలాంటి ఫైళ్లు చదివినవాణ్ణి. చాలామంది మొదటి సగం చదివి రెండో సగాన్ని వదిలేస్తారు. గాజు గోడలు, వంతెనలా గాల్లోకి చొచ్చుకొచ్చిన బెడ్‌రూము, పేజీల కొద్దీ బొమ్మలు. పొలం గురించి ఆఖర్న రెండు పేరాలు. ఆ ఇంటిని ఎత్తి నార్ఫోక్‌లో పెట్టినా తేడా తెలియదు. అలాంటివి ఎంత అందంగా ఉన్నా నిలబడవు, నిలబడకూడదు కూడా. సోలార్ పలకలు, కొత్తరకం హీటింగ్ చూపిస్తే చాలనుకోకు. "వినూత్నం" అయితే చాలన్న వెసులుబాటు 2021లోనే తీసేశారు.

కాబట్టి ఆర్కిటెక్టును పెట్టుకున్న రోజే లాండ్‌స్కేప్ ఆర్కిటెక్టునూ పెట్టుకో. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మొదలుపెట్టాలి. అంతకుముందు మీరిద్దరూ చేయగలిగిన పని ఒకటుంది. జనవరిలో, ఆకులు రాలిపోయాక, పొలం పక్కనున్న పబ్లిక్ ఫుట్‌పాత్ మీద నడవండి. కంచె దాటే చెక్కమెట్టు దగ్గర ఆగి, మీరనుకున్న చోట కప్పు ఎంత ఎత్తున కనిపిస్తుందో చూడండి. అధికారి నిలబడి చూసేదీ అక్కడి నుంచే. దిబ్బ మీద నుంచి లోయంతా కనిపిస్తుందంటే లోయంతటికీ మీ ఇల్లు కనిపిస్తుందన్నమాట. ఆ తర్వాత పాత ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులు తీసి చూడండి. ఆ జిల్లాలో ఎన్నో పాత పండ్లతోటలు పోయాయి, పొలాల మధ్య కంచెలు పెరికేశారు. మీ పొలంలోనూ ఒకప్పుడు తోట ఉండి ఉంటే, దాన్ని మళ్లీ నాటడం, కుంట పూడిక తీయడం, ఆ కంచెల గీతల్ని తిరిగి నిలబెట్టడం, వీటిలోంచి ఇల్లు పుట్టాలి. కెంట్‌లోని కేరింగ్ వుడ్ అనే ఇంటి ఫోటోలు చూడు, 2017లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ రిబా వారి ఆ ఏటి ఉత్తమ గృహం. హాప్స్ ఆరబెట్టే ఆ ప్రాంతపు పాత ఓస్ట్ కొట్టాల కప్పులు దాని కప్పుల్లో కనిపిస్తాయి. దాన్ని కాపీ కొట్టమని కాదు, దాని ఆర్కిటెక్టులు కెంట్‌ను ఎలా చదివారో చూడమని.

స్కెచ్ దశలోనే డిజైన్ రివ్యూ ప్యానెల్ ముందుకు వెళ్లండి, మార్చుకుని మళ్లీ వెళ్లండి. వాళ్ల లేఖకు కౌన్సిల్ దగ్గర విలువుంటుంది. కుంటలో చట్టరక్షణ ఉన్న గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్లు ఉన్నాయేమో వసంతంలోనే చూడాలి. ఆ సీజన్ దాటితే ఏడాది పోయినట్టే.

డబ్బు సంగతి. అనుమతి రాకముందే నిపుణులకు పదుల వేల పౌండ్లు పోతాయి, కాదంటే తిరిగి రావు. అందుకని పొలం ఇప్పుడే కొనేయకండి. అనుమతి వస్తేనే కొనేలా ఆప్షన్ అగ్రిమెంటు రాయించుకోండి. కౌన్సిల్ తిరస్కరిస్తే ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చు గానీ, బలహీనమైన డిజైన్‌ను అప్పీలు బతికించదు.

లాయరును రెండు విషయాలు అడుగు. వేల్స్ సరిహద్దు దగ్గరి పొలం కదా, పూర్తిగా ఇంగ్లండ్ వైపే ఉందా? వేల్స్ వైపు ఈ 84వ పేరా చెల్లదు. ఊరికి ఎంత దూరం? ఊరి నుంచి విడిగా ఉంటేనే "ఏకాంతం" కింద లెక్క అని 2018లో అప్పీల్ కోర్టు తేల్చింది. ఆనుకుని ఉంటే ఈ మినహాయింపు జోలికే పోలేం, వేరే నిబంధనలు చూడాలి.

మ్యాపులు దొరికాక నాకూ ఒక కాపీ పంపు. అల్లుడికి నా ఆశీస్సులు.

మీ పెద్దనాన్న