రొయ్యల చెరువులో నాచు, భాస్వరము: అదుపు చేయు విధము



రొయ్యలు గట్టువెంట చేరి నీటిపైకి తేలుచున్నవని తెల్లవారుజామున కబురు వచ్చినచో అప్పుడు చేయగలిగినది చాల తక్కువ. ఉన్న ఏరేటర్లన్నియు వేసి, ప్రొద్దు పొడుచుటకై ఎదురుచూడవలసినదే. ముందు సాయంత్రము వరకు పచ్చగా కనిపించిన నీరు ఒక్క రాత్రిలో ఎట్లు చెడినది? కారణము ఆ రాత్రిలో లేదు. అంతకు ముందు నెలల తరబడి చెరువులో చేరిన భాస్వరములో కలదు.

పెనుగొండ ప్రాంతపు రైతునకు వరి, కొబ్బరి తరతరాలుగా తెలిసిన పంటలు. రొయ్య అట్లు కాదు. 2009లో వనామీ రొయ్య పెంపకమునకు మన దేశమున అనుమతి లభించిన తరువాత డెల్టాలో ఎన్నియో వరిచేలు చెరువులైనవి. చెరువు మారినను మన అలవాటు మారలేదు. నేనును వరి చదువు చదివినవాడనే. నీటికి రంగు రాలేదన్న ఒక రైతునకు, నీటిని పరీక్షింపకయే సూపరు ఫాస్ఫేటు చల్లుమని ఒకప్పుడు చెప్పితిని. కొలది దినములలో నీరు చిక్కని పచ్చరంగు తిరిగినది. ముసురు పట్టగానే నాచు చచ్చినది. దానితో సగము పంట పోయినది. నా తొందరపాటుకు ఆయన సొమ్ము ఖర్చయినది. అట్టి నష్టము మరియొకరికి రాకూడదనియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

భాస్వరము ఎక్కడిది?

ఒక టన్ను రొయ్యలు పండించుటకు టన్నున్నర మేత వేసితిరనుకొందము. మేతలో నూటికి ఒక పాలు భాస్వరము ఉన్నదనుకొన్నను మొత్తము 15 కిలోలు. పట్టుబడినాడు రొయ్యలతో బయటికి పోవునది సుమారు 3 కిలోలు మాత్రమే. తక్కిన 12 కిలోలు చెరువులోనే నిలుచును. 50 కిలోల డి.ఏ.పి. బస్తాలో ఉండు భాస్వరము సుమారు 10 కిలోలు. అనగా ఒక్క గింజ ఎరువు చల్లకయే, టన్నుకు ఒక బస్తాకు పైగా డి.ఏ.పి. చెరువులో వేసినట్లయినది. మేతయే ఎరువని గుర్తుంచుకొనవలెను.

ఇందులో అధిక భాగము అడుగు మట్టిని చేరును. మట్టిపై పొరకు ప్రాణవాయువు అందుచున్నంత వరకు అందలి ఇనుము భాస్వరమును పట్టి ఉంచును. పట్నములలో అద్దపు తొట్లయందు సముద్రపు చేపలను పెంచువారు నాచు రాకుండుటకు ఇనుప తుప్పు వంటి గుళికలను కొని, వాని గుండా నీటిని వడకట్టుదురు. మన చెరువులో ఆ పని మట్టియే చేయును. కాని తినని మేత, రెట్ట పేరుకొని అడుగు నల్లబడి కుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టినచో, ఇనుము తన పట్టు వదలును. భాస్వరము తిరిగి నీటిలో కలియును.

నాచు మేలు, కీడు

కొంత నాచు అవసరమే. పగలు ప్రాణవాయువు నిచ్చును. అడుగున గడ్డినాచు పెరుగకుండ నీడ పట్టును. మితిమీరినచో చిక్కు. వరిరైతుకు నీలాకుపచ్చ నాచు మిత్రుడు. గాలిలోని నత్రజనిని పట్టి చేనుకిచ్చును. రొయ్యల చెరువులో ఆ గుణమే కీడగును. భాస్వరము పుష్కలముగా ఉండి నత్రజని తగ్గినచో తక్కిన నాచులు ఆగిపోవును, ఇది మాత్రము పెరుగును. గాలివాలు మూలకు తెట్టెగా చేరును. కొన్ని రకములవలన రొయ్యకు మట్టివాసన పట్టును.

చిక్కని నాచు పగలు నీటి పి.హెచ్.ను పెంచును, అప్పుడు అమ్మోనియా విషము హెచ్చును. రాత్రి అదియే ప్రాణవాయువును పీల్చివేయును. అందుచేతనే తెల్లవారుజాము గండము. మబ్బు దినములలో నాచు ఒక్కసారిగా చచ్చినచో అది కుళ్లుటకు మిగిలిన ప్రాణవాయువు కూడ ఖర్చగును.

కనిపెట్టు విధము

20 సెంటీమీటర్ల గుండ్రని రేకును నాలుగు భాగములు చేసి, నలుపు తెలుపు మార్చి మార్చి రంగు వేసి, గుర్తులు పెట్టిన త్రాటికి కట్టుడు. ఎండ ఉన్న వేళ నీటిలో దింపుడు. 30 నుండి 40 సెంటీమీటర్ల లోతున కనుమరుగైన మంచిది. 25 లోపున కనుమరుగైన ప్రమాదము. నిన్న 25 ఉన్నది నేడు హఠాత్తుగా 60 అయి, నురుగు కట్టినచో నాచు చచ్చినదని తెలియవలెను. ఉదయము, మధ్యాహ్నము పి.హెచ్. చూడుడు, తేడా 0.5 మించరాదు.

చేయవలసిన పనులు

1. చెక్ ట్రేలో మేత మిగిలిన తరువాతి పూట మేత తగ్గించుడు. మబ్బు దినమున తప్పక తగ్గించుడు.

2. నీటిని పరీక్షింపనిదే డి.ఏ.పి., సూపరు చల్లవలదు.

3. రాత్రి ఏరేటర్లు ఆపవలదు. డీజిలు ఆదాకై ఆపిన రెండు గంటలు పంటనే తీసికొనిపోవచ్చును.

4. తెట్టెను గాలివాలు మూలలో వలతో తీసివేయుడు. నీటిని కొంచెము కొంచెముగా, నిల్వ చెరువులో తేర్చిన నీటితో మార్చుడు.

5. మైలతుత్తము వేయవలదు. అది రొయ్యకు విషము. పైగా నాచునంతను ఒక్కమారు చంపి ప్రాణవాయువును హరించును.

6. పట్టుబడి అయిన పిదప అడుగును నెరలు వారునట్లు ఎండబెట్టి, మధ్యనున్న నల్లని బురదను ఎత్తివేయుడు. ఉప్పు తగిలిన ఆ బురదను వరిచేలో వేయరాదు.

గ్రామాధికారులకు మనవి

ధవళేశ్వరము ఆనకట్ట నీరు కాలువల ద్వారా వచ్చి మన ఊరి మంచినీటి చెరువులను నింపుచున్నది. రొయ్యల చెరువు నీటిని ఆ కాలువలో వదలినచో భాస్వరముతోపాటు నాచు కూడ త్రాగునీటికి చేరును. ఉప్పునీరైన క్రింది వరిచేలు చెడును. ఒకని చెరువు బాగుపడుటకు పదిమంది బిందెలు పాడు కారాదు. వ్యర్థజలమును ప్రత్యేకపు గుంటలో తేర్చిన పిదపనే మురుగు కాలువకు వదలునట్లు చూడవలెను. 2020 నాటి రాష్ట్ర ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టము క్రింద చెరువులకు లైసెన్సు అవసరమని కూడ రైతులకు తెలియజేయవలెను.

సందేహము కలిగినచో గ్రామ మత్స్య సహాయకుని గాని, ఉండిలోని మత్స్య పరిశోధన కేంద్రమును గాని సంప్రదించుడు. ప్రతిదినము రేకు కొలత, పి.హెచ్., వేసిన మేత ఒక పుస్తకములో వ్రాసికొనుడు. వచ్చు పంటకు ఆ పుస్తకమే మీకు సలహాదారు.