శక్తి వేరు, సామర్థ్యం వేరు

మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మన జిల్లాకు వరప్రసాదం. వానకాలమంతా మెల్లమెల్లగా చేరిన నీరు, గేట్లు ఎత్తగానే ఉగ్రప్రవాహమై దూకుతుంది. నీరు పెరగలేదు, విడుదలయ్యే కాలం తగ్గింది. ప్లాస్మా ప్రయోగాలలో వాడే విద్యుత్ స్పంద జనకాల సూత్రం కూడా ఇట్టిదే.

హైడ్రోజన్ కేంద్రకాలు సంలీనం చెంది శక్తినివ్వాలంటే భూమిపై వాటిని సుమారు 10 కోట్ల డిగ్రీల వరకు వేడిచేయాలి. అట్టి ప్లాస్మాను ఏ పాత్రా భరించలేదు. కావున అది చెదరిపోకముందే బలంగా నొక్కి వేడిచేయడం ఒక మార్గం.

ఒక లెక్క చూద్దాం. 1 మైక్రోఫారడ్ కండెన్సరును లక్ష వోల్టుల వరకు ఆవేశితం చేస్తే అందులో 5,000 జౌళ్ళ శక్తి నిలుస్తుంది. 100 వాట్ల చొప్పున అందిస్తే దానికి 50 సెకండ్లు చాలు. అదే శక్తిని సెకండులో పదిలక్షవ వంతులో విడిచిపెడితే సామర్థ్యం 500 కోట్ల వాట్లు! శక్తి మాత్రం ఆ 5,000 జౌళ్ళే.

వోల్టేజీని పెంచే ఉపాయాన్ని 1920లలో జర్మన్ ఇంజనీరు ఎర్విన్ మార్క్స్ చూపాడు. కండెన్సర్లను సమాంతరంగా ఆవేశితం చేసి, నిప్పురవ్వల అంతరాల ద్వారా ఒక్కసారిగా శ్రేణిలో కలపాలి. లక్ష వోల్టుల కండెన్సర్లు పది కలిస్తే ఆదర్శ స్థితిలో 10 లక్షల వోల్టులు.

అమెరికాలోని సాండియా ప్రయోగశాలకు చెందిన జెడ్ యంత్రంలో ఇట్టి జనకాలు 36 ఉన్నాయి. వాటిలో నిలిచే శక్తి సుమారు 22 మెగాజౌళ్ళు, అనగా మన ఇంటి మీటరు లెక్కలో 6 యూనిట్లు! అయినా సెకండులో కోటవ వంతు వంటి స్వల్పకాలంలో విద్యుత్ ప్రవాహం 2 కోట్ల ఆంపియర్లను మించుతుంది. సన్నని టంగ్‌స్టన్ తీగల గుండా పంపిన ప్రయోగాలలో అవి ఆవిరై ప్లాస్మాగా మారగా, ప్రవాహం సృష్టించిన అయస్కాంత బలమే దానిని లోనికి నొక్కింది. అపుడు వెలువడే ఎక్స్ కిరణాల సామర్థ్యం ప్రపంచ విద్యుత్కేంద్రాలన్నిటినీ మించుతుందని చదివినపుడు, "ఎంతసేపు?" అని మనం ప్రశ్నించాలి.

2022 డిసెంబరులో అమెరికాలోని మరొక ప్రయోగశాలలో 2.05 మెగాజౌళ్ళ లేసర్ కాంతితో 3.15 మెగాజౌళ్ళ సంలీన శక్తి లభించింది. ఇది మహావిజయమే. కాని ఆ లేసర్లకు వినియోగమైన విద్యుత్తు సుమారు 300 మెగాజౌళ్ళు. సంలీన విద్యుత్తు ఇంటికి చేరడానికి ఇంకా ఎంత దూరమున్నదో ఈ అంకెలే చెప్పుచున్నవి.

ఈ స్పందాలు చక్కెర పరిశ్రమనూ తాకినవి. జర్మనీలోని కార్ల్స్‌రూహే పరిశోధకులు వీటితో బీటు దుంపల కణత్వచాలకు రంధ్రాలు చేసి, రసాన్ని సులభంగా తీసే పద్ధతిని పరీక్షించారు. మన చెరకుకు అది లాభదాయకమా అన్నది ప్రయోగంతోనే తేలాలి. 1937లో స్థాపితమైన బోధన్ శక్కర్‌నగర్ కర్మాగారం 2015లో మూతపడినా, పొలాలలో చెరకును ఎరిగిన విద్యార్థులు మనలో ఉన్నారు. అట్టి ప్రశ్నను చేపట్టదగినవారు వారే.

చివరగా ఒక హెచ్చరిక: విద్యుత్తు ఆపివేసిన తరువాత కూడా కండెన్సరులో ఆవేశం నిలిచి ప్రాణం తీయగలదు. దానిని నిరోధకం ద్వారా భూమికి కలిపి, ఖాళీ అయినదని రూఢి చేసుకొన్న పిమ్మటనే తాకవలెను.