నొప్పి దాచవద్దు

గర్భసంచి ఆపరేషన్ వంటి పెద్ద ఆపరేషన్లకు చాలాసార్లు పూర్తి మత్తు ఇస్తారు. రోగికి ఒళ్ళు తెలియదు. కదలలేదు. "అమ్మా" అని కూడా అనలేదు. మరి నొప్పి సంగతి ఎవరు చూస్తారు?

మత్తు డాక్టరు చూస్తారు. ఆపరేషన్ అయ్యేదాకా రోగి దగ్గరే ఉంటారు. నాడి వేగంగా కొట్టుకుంటోందా? బి.పి. పెరిగిందా? చెమట పట్టిందా? కంట నీరు కారిందా? ఇవి నొప్పికి గుర్తులు కావచ్చు. రక్తం ఎక్కువగా పోయినా నాడి వేగం పెరుగుతుంది. అందుకే డాక్టరు అన్నీ కలిపి చూస్తారు. కారణం తెలుసుకుని మందు ఇస్తారు.

ఇలా కనిపెట్టి చూడడం పాత పద్ధతే. 1888, 1889 సంవత్సరాల్లో హైదరాబాదులో క్లోరోఫాం మత్తు మీద పరీక్షలు జరిగాయి. వాటిని జరిపించిన డాక్టర్ లారీ, రోగి ఊపిరిని చూస్తూ ఉండాలని గట్టిగా చెప్పేవారు. ఇప్పుడు ఊపిరితో పాటు నాడిని, బి.పి.ని చూపే యంత్రాలు ఉన్నాయి.

మత్తు దిగాక నొప్పి ఎంత ఉందో రోగే చెప్పాలి. అందుకే నర్సు వచ్చి అడుగుతుంది.

"పెద్దమ్మా, నొప్పి ఎంత ఉంది? అసలు లేకపోతే సున్నా. భరించలేనంత ఉంటే పది."

"ఏదో ఉందిలేమ్మా. ఓర్చుకుంటా."

"ఒకసారి దగ్గి చూడండి."

"అమ్మో! దగ్గలేను. ఎనిమిది రాసుకో తల్లీ."

నర్సు డాక్టరుకు చెప్పి మందు ఇస్తుంది. కాసేపటికి మళ్ళీ వచ్చి అడుగుతుంది. ఈసారి పెద్దమ్మ "మూడు" అంటుంది. గట్టిగా ఊపిరి పీలుస్తుంది. మెల్లగా లేచి నాలుగు అడుగులు వేస్తుంది.

"పురుడు పోసుకున్నదానివి, ఈ మాత్రం ఓర్చుకోలేవా?" అంటారు కొందరు. ఆ మాట వినవద్దు. నొప్పి ఎక్కువైతే రోగి దగ్గలేదు. కఫం చేరి న్యుమోనియా రావచ్చు. నడవకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డ కట్టవచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది.

తోడు ఉన్నవాళ్ళు గుర్తుంచుకోండి:

నొప్పి మందు ఇచ్చాక రోగి పిలిచినా పలకకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే వెంటనే నర్సును పిలవండి.

తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా డాక్టరుకు చెప్పండి.

డాక్టరును అడగకుండా బయటి బిళ్ళలు వేయవద్దు.

చర్చించండి:

1. మత్తులో ఉన్నప్పుడు నొప్పిని ఎలా కనిపెడతారు?
2. నర్సు పెద్దమ్మను ఎందుకు దగ్గమంది?
3. మన ఇళ్ళలో ఆడవాళ్ళు నొప్పిని ఎందుకు దాచుకుంటారు?